ఆవును తోలుకురా

వ్యాకరణ మహాభాష్యం మొదట్లోనే పతంజలి ఒక కథ చెబుతాడు. పాఠం చెప్పేది దేవగురువు బృహస్పతి, చదువుకునేది ఇంద్రుడు. గురువు మాటలన్నిటినీ ఒక్కొక్కటిగా వల్లించడం మొదలుపెట్టాడు. వెయ్యి దివ్యవర్షాలు గడిచినా మాటలు అయిపోలేదు. అంతటి గురువు, అంతటి శిష్యుడు, అంత తీరికా ఉండి కూడా ఒడ్డు కనబడలేదంటే, మహా బతికితే నూరేళ్లు బతికే మనుషులకు ఆ పద్ధతి ఏం పనికొస్తుందని పతంజలి అడుగుతాడు. రెండువేల ఏళ్లు దాటిన ఆ ప్రశ్నను మన బళ్లూ కాలేజీలూ పట్టించుకున్నట్టు కనబడదు. కృష్ణా జిల్లా పామర్రులో బస్సెక్కి విజయవాడ కాలేజీకో బందరు కాలేజీకో వెళ్లే పిల్లవాడి సంచిలో తెలుగు గైడు ఒకటి ఉంటుంది. అందులో ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం, కింద నానార్థాలు, పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు. ఇంద్రుడికి వెయ్యేళ్లలో అందనిదాన్ని ఇతను మార్చి నెల లోపల బిట్ల రూపంలో మింగాలి. ఆ తర్వాత అవి ఎక్కడికి పోతాయో అందరికీ తెలిసిందే.

మార్కుల సంగతి అలా ఉంచితే, దీని అడుగున ఒక తాత్త్విక ప్రశ్న ఉంది. మాటకు అర్థం ఎక్కడ ఉంటుంది? మాటలోనే ఉంటుందా, నిఘంటువులో ఉంటుందా, మాట్లాడే మనుషుల మధ్య ఉంటుందా? మొదటి రెండింట్లో ఎక్కడున్నా గైడు చేసే పని సరైనదే. చిన్న పెట్టెలోంచి తీసి పెద్ద పెట్టెలో వేసినట్టు, పుస్తకంలోంచి తీసి బుర్రలో వేస్తే సరిపోతుంది. మూడో చోట ఉంటే మాత్రం పిల్లవాణ్ణి ఆ మనుషుల మధ్యకు తీసుకువెళ్లక తప్పదు. ఆ మనుషులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. గొప్ప నవలల్లో దొరుకుతారని, పదజాలం నేర్పడానికి నవలా పఠనాన్ని మించిన దారి లేదనడానికి కారణం అదేనని ఈ వ్యాసం వాదన. అయితే ఒక్క నవలతో ఆ పని జరగదు. ఆ షరతు ఎందుకో కూడా చెప్పాలి.

మన దేశంలో ఈ ప్రశ్నను అందరికన్నా పట్టుగా పట్టుకున్నవారు వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకులు. వారి ఉదాహరణ చాలా చిన్నది. ఇంటి పెద్ద ఒకడు ఇంకొకడితో ‘ఆవును తోలుకురా’ అంటాడు. అతను వెళ్లి ఆవును తోలుకొస్తాడు. పక్కన మాటలు రాని పిల్లవాడు చూస్తూ ఉంటాడు. వాడికి అప్పుడు ఆవు అంటే ఏమిటో తెలియదు, తోలుకురావడమంటే ఏమిటో తెలియదు. ఆ మొత్తం మాటకు ఈ మొత్తం పని జరిగిందని మాత్రం తెలుస్తుంది. కాసేపటికి పెద్దాయన ‘ఆవును కట్టెయ్యి’ అంటాడు, ఆ తర్వాత ‘గుర్రాన్ని తోలుకురా’ అంటాడు. ఒక మాట పోయి ఒక మాట వస్తోంది, ఒక మాట నిలుస్తోంది. దానితోపాటే ఎదురుగా కనబడే దృశ్యంలో ఒకటి మారుతోంది, ఒకటి నిలుస్తోంది. ఈ రాకపోకలకు శాస్త్రంలో ఆవాపోద్వాపాలని పేరు. వాటిని పట్టుకునే పిల్లవాడు ఏ మాట దేనికో విడదీసుకుంటాడు. పెద్దల వాడుకను చూసి నేర్చుకోవడం కనుక దీన్ని వృద్ధవ్యవహారం అన్నారు. వారిలోనే, మాట ముందు తన అర్థాన్ని విడిగా చెప్పి, ఆ అర్థాలు తర్వాత కలుస్తాయని కుమారిలుడు అంటే, అసలు మాట అర్థమే తక్కిన మాటలతో కలిసి ఉన్న అర్థమని ప్రభాకరుడు పట్టుబట్టాడు. ఎన్ని శతాబ్దాలు వాదించుకున్నా పిల్లవాడు మొట్టమొదట వినేది వాక్యమేనన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి ఇంకో అడుగు ముందుకు వేసి, ఉన్నది వాక్యమొక్కటే, పదాలు మన సౌకర్యం కోసం దానిలోంచి ఒలిచి తీసుకున్నవి అన్నాడు. పడమట క్రైస్తవ తాత్త్వికుడు అగస్టీన్ తన బాల్యం గురించి రాస్తూ, పెద్దలు వస్తువు వైపు తిరిగి పేరు పలికితే అలా మాటలు నేర్చుకున్నానన్నాడు. 1953లో అచ్చయిన తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ పుస్తకం ఆ వర్ణనను తప్పుపట్టడంతోనే మొదలవుతుంది. వేలు పెట్టి చూపించినంత మాత్రాన పిల్లవాడికి ఏం తెలుస్తుంది? చూపించింది రంగునా, ఆకారాన్నా, సంఖ్యనా? మన మీమాంసకుల పిల్లవాడికి ఆ చిక్కు లేదు. వాడికి ఎవరూ వేలు పెట్టి చూపించలేదు, వాడు జరుగుతున్న పనిని చూశాడు.

ఆవు దాకా బాగానే ఉంది. ధర్మం సంగతేమిటి? అమరకోశం ఈ మాటకు పుణ్యం, యముడు, న్యాయం, స్వభావం, ఆచారం, సోమయాజి అని ఆరు అర్థాలు ఇస్తుంది. కంఠతా పట్టిన విద్యార్థి గుడికి వెళ్లి ధర్మదర్శనం వరసలో నిలబడితే ఈ ఆరింటిలో ఏదీ అక్కరకు రాదు. అక్కడ ధర్మమంటే టిక్కెట్టు లేనిది. ధర్మాసుపత్రిలో ధర్మం అంటే డబ్బు తీసుకోనిది, ధర్మవడ్డీలో మాత్రం తీసుకునేదే, కాకపోతే మితంగా తీసుకునేది. లారీని తూచే ధర్మకాటాలో అది మోసం లేనితనం. ముష్టివాడి ‘ధర్మం చెయ్యండి బాబూ’లో అది చేతిలో పడే రూపాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో ‘నీకిది ధర్మమేనా?’ అని తల్లి అడిగినప్పుడు ఇవేవీ కావు, అన్నీ కూడాను. ఈ వాడుకలన్నిటినీ కలిపే సన్నని దారం ఏదో ఉంది. తెలుగు పుట్టుకతో వచ్చినవాడికి అది చేతికి తగులుతుంది, చెప్పమంటే చెప్పలేడు. నిఘంటువు దారాన్ని చూపించలేదు, పూసలను లెక్కపెట్టగలదు. అది నిఘంటుకారుల లోపమేమీ కాదు. శబ్దరత్నాకరం చేసిన బహుజనపల్లి సీతారామాచార్యులుగారో, అంతకు ముందు బ్రౌనుదొరో మాటను తెలిసినవాడికి గుర్తుచేయడానికి, తెలియనివాడికి ఆనవాలు ఇవ్వడానికి పనిచేశారు. మాటను బతికించి చేతిలో పెడతామని వారెవరూ ఒప్పుకోలేదు. మాటల శక్తి తెలిసే దారులు ఎనిమిదని నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, లెక్కవేశారు. అందులో కోశం ఒకటి మాత్రమే. వ్యాకరణం, ఉపమానం, నమ్మదగినవాడి మాట, పెద్దల వ్యవహారం, వాక్యంలో మిగిలిన భాగం, వివరణ, తెలిసిన మాట పక్కన ఉండటం తక్కినవి. కాస్త ఆలోచిస్తే ఆ తక్కిన ఏడింటిలో చాలా భాగం ఒకేచోట దొరికే స్థలం కథ.

పెద్దల వ్యవహారం ఇంట్లోనే దొరికితే కథ అక్కర్లేదు. కానీ కృష్ణా డెల్టాలో ఆ వ్యవహారం తరిగిపోయింది. కోత మిషను పొలంలోకి దిగాక కుప్పనూర్పుతో పాటు దాని చుట్టూ ఉన్న మాటల గుంపు కూడా పొలం దాటిపోయింది. ఆకుమడి, పురి, గాదె వంటివి ఇంట్లో ఒక ముసలావిడ నోట ఉంటే ఉంటాయి. వాటికంటే పెద్ద మాటల గతి ఇంకా అన్యాయం. పరువు, రుణం, ఔదార్యం, ధర్మం నోట్లో ఉన్నాయి గాని వాటి కోసం ఎవరైనా ఏమైనా పోగొట్టుకోవడాన్ని పిల్లలు చూడటం తక్కువ. ఆవు రాకుండా ‘ఆవును తోలుకురా’ అని ఎన్నిసార్లు విన్నా ఏం లాభం? క్లాసిక్ నవల ఇక్కడ ఇంటి పెద్ద స్థానంలోకి వస్తుంది. దాన్ని వృద్ధుడనడం అలంకారానికి కాదు. వ్యవహారం అంటే మాటా, మాట వెంట పనీ, పని వెంట ఫలితమూ కదా. ఆ మూడూ వరసగా కనబడేంత నిడివి ఉన్న రచనారూపం నవలే. పద్యంలో మాట మెరుస్తుంది, నాటకంలో మోగుతుంది. ఒక మాటను పట్టుకుని ఒక మనిషి ముప్పై ఏళ్లు బతికితే ఏమవుతుందో చూపించడానికి నవలకున్నంత తీరిక వాటికి లేదు.

ఇందుకు పామర్రు పరిసరాలంత తగిన చోటు మరొకటి చూపించడం కష్టం. ఆంధ్రపత్రిక, భారతి పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఎలకుర్రు పామర్రుకు దగ్గరే. విశ్వనాథ సత్యనారాయణ ఇదే కృష్ణా జిల్లా నందమూరులో 1895లో పుట్టి, అటు బందరులోనూ ఇటు బెజవాడలోనూ తెలుగు పాఠాలు చెప్పారు. ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీదే పామర్రు ఉంది. ఆయన ఏకవీర వెలుగు చూసింది పంతులుగారి భారతిలోనే. 1930లలో ఆయన రాసిన వేయిపడగలుకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వచ్చింది, అడివి బాపిరాజు నారాయణరావుతో పంచుకోవలసి వచ్చింది. వేయిపడగలును హిందీలోకి తెచ్చినది పి.వి. నరసింహారావు. ఈ నవలలో సుబ్బన్నపేట అనే ఊరు, దాన్ని కాచే వేయిపడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు, ఆ పడగలు ఒక్కొక్కటిగా వాలిపోవడం, వాలిపోకుండా పట్టుకోవాలని చూసే ఒక మనిషి. ఆ మనిషి పేరే ధర్మారావు. అంటే ఈ మాట పుస్తకంలో ఒకటి రెండుసార్లు కనబడి పోయేది కాదు, పేజీ పేజీకీ పిలవబడుతూ ఉంటుంది. ధర్మమంటే ఇదీ అని పాత్రలు చర్చించుకునే చోట్లున్నాయి. నిజం చెప్పాలంటే పాఠకుడికి ఎక్కువ నేర్పేవి ఆ చోట్లు కావు. తండ్రి నాటి కలిమి తనదాకా రాని ధర్మారావు ఆ లేమిని ఎలా మోశాడు, దేవదాసి గిరిక తన నాట్యాన్ని ఎవరికి సమర్పించింది, ఊరి పైరు పచ్చదనంతో ప్రాణం ముడిపడినట్టుండే పసిరిక ఏమయ్యాడు అన్నవి చూసినప్పుడు ధర్మం అన్న మాట కింద ఆచారం, స్వభావం, పుణ్యం అన్న మూడు అర్థాలు విడివిడిగా కాక ఒకే వేరుగా కనబడతాయి. అమరంలో పక్కపక్కన కూర్చున్న మాటలు ఇక్కడ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. (ఇంగ్లీషు చదువు పెట్టే బడి మీద ఇంత కోపం ఉన్న నవలను బడిలో పదజాలానికి వాడుకోవడం విశ్వనాథవారు వింటే ఏమనేవారో. బహుశా నవ్వేవారు కారు.)

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం సంప్రదాయం వైపు నుంచే. మన పాత చదువులో పిల్లలకు ముందు అమరం వల్లెవేయించేవారు కదా, అది జాబితా కాదా, దాంతోనే మహాపండితులు తయారుకాలేదా అని. తయారయ్యారు. అయితే అమరం అక్కడ ఆగిపోయే చదువు కాదు. గురుబాలప్రబోధిక వంటి తెలుగు వ్యాఖ్య తోడుగా అమరం నోటికి వచ్చీరాగానే రఘువంశం మొదలయ్యేది. వల్లెవేసిన పర్యాయపదాలు కావ్యంలో ప్రాణం పోసుకునేవి. ఆ కావ్యపాఠంలోనూ ఒక క్రమం ఉండేది. ముందు అన్వయం, అంటే ఏ మాట ఏ మాటతో కలుస్తుందో వాక్యంగా కూర్చుకోవడం. ఆ అన్వయ క్రమంలోనే ప్రతిపదార్థం, దాని తర్వాత తాత్పర్యం. ఈనాటి ప్రశ్నపత్రంలో ప్రతిపదార్థం అన్న పేరు నిలిచింది, ముందుండే అన్వయం మాయమైంది. అంటే మనం సంప్రదాయాన్ని పాటిస్తున్నామనుకుంటూ దాని తల తీసేసి మొండేన్ని పూజిస్తున్నాం. మాట అర్థమంటే కలిసిన అర్థమేనన్న ప్రభాకరుడి అన్వితాభిధాన వాదానికి వ్యతిరేకంగా ఎవరూ ఇంత గట్టిగా వాదించలేదు, మన పరీక్షా విధానం తప్ప.

రెండో అభ్యంతరం ఆధునికులది, నా దృష్టిలో ఇది బరువైనదే. సందర్భాన్ని బట్టి మాటలు వాటంతట అవే వస్తాయన్నది పెద్దలకున్న భ్రమ అని వారంటారు. 1985లో అమెరికాలో విలియం నేగీ, ఆయన సహచరులు బడిపిల్లల మీద చేసిన పరిశీలనలో, తెలియని మాట చదువులో ఒక్కసారి తగిలితే దాని అర్థం పట్టుబడే అవకాశం చాలా తక్కువని తేలింది. పైగా సందర్భం కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఇది నిజం. కానీ అదే పరిశీలన రెండో సగం చెప్పకుండా వదిలేస్తే అన్యాయమవుతుంది. అవకాశం కొంచెమే అయినా చదివే పేజీలు పెరిగేకొద్దీ ఆ కొంచెం కొంచెమే కూడి, పిల్లల పదసంపదలో పెద్ద భాగం అవుతుందన్నది వారి వాదన. మీమాంసకుల పిల్లవాడు కూడా ఒక్క వాక్యంతో నేర్చుకోలేదు. ఆవాపోద్వాపాలు జరగాలంటే వాక్యం మళ్లీ మళ్లీ రావాలి. అందుకే మూడు పేజీల పాఠ్యాంశం కన్నా నిడివిగల నవల మేలు. పాఠ్యాంశంలో మాట అతిథి, నవలలో ఇంటి మనిషి. ఉపాధ్యాయుడి వివరణ వద్దని ఎవరన్నారు? నైయాయికుల ఎనిమిదింటిలో వివృతి అనే పేరుతో అదీ ఉంది. వివరణ ఎప్పుడు రావాలన్నదే తేడా. విద్యార్థి మాటను నాలుగు చోట్ల చూసి, తనకు తోచిన అర్థాన్ని లోపల అటూ ఇటూ తిప్పుకున్నాక వచ్చే వివరణ నాటుకుంటుంది. ముందే వస్తే చదవాల్సిన పని తప్పుతుంది.

ఇక అసలైన అభ్యంతరం. మాటతో పాటు మతం కూడా వస్తుంది కదా? వేయిపడగలులో ధర్మం నేర్చుకున్న పిల్లవాడు విశ్వనాథ ధర్మాన్ని నేర్చుకుంటాడు. ఆ ధర్మంలో వర్ణవ్యవస్థకు పెద్దపీట ఉంది, స్త్రీకి ఫలానా చోటుంది, జమీందారీ నీడ ఉంది. డెల్టాలో తరాలుగా ఆ పడగల నీడలో కాక ఆ పడగల కాటుకు గురై బతికినవాళ్ల పిల్లలూ తరగతిలో ఉంటారు. వారికి ఈ పుస్తకాన్ని పదజాలం పేరుతో చేతిలో పెట్టడం దొడ్డిదారిన మతబోధ కాదా? భాష వేరు, భావం వేరు, మేము మాటలే తీసుకుంటాం అనే జవాబు చెల్లదు. ఇంతవరకూ చేసిన వాదన ప్రకారం మాటా దాని వెనక బతుకూ విడిపోవు. విడిపోతాయంటే గైడే చాలు.

దీనికి జవాబు ఆవు ఉదాహరణలోనే ఉంది. ఒకే వాక్యాన్ని వెయ్యిసార్లు విన్నా పిల్లవాడికి ఆవేదో తోలుకురావడమేదో తెలియదు. ‘గుర్రాన్ని తోలుకురా’ అని ఇంకొకటి వింటేనే మాట ఆ వాక్యం నుంచి విడివడి వాడి సొంతమవుతుంది. ధర్మాన్ని వేయిపడగలులో మాత్రమే విన్న విద్యార్థి ఒకే వాక్యం విన్నవాడు. అతనికి ఆ మాట ఇంకా రాలేదు, ఆ మాట పట్టులో అతనున్నాడు. వాక్యం మారాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిని ఇక్కడ పక్కన పెట్టాలి. 1922లో వచ్చి ఆంగ్ల ప్రభుత్వం నిషేధానికి గురైన నవల అది, జైలులో రాసినది, దళిత కుటుంబాన్ని నడిమధ్యన నిలబెట్టినది. దానికి పీఠిక రాసింది ఎలకుర్రు నాగేశ్వరరావు పంతులుగారే. ఆ నవల బలాన్ని ఎంచుతూ ఆయన ముందుగా చెప్పుకున్న వాటిలో తెలుగు మాటలు ఉండటం మన విషయానికి కాకతాళీయం కాదు. అందులో రామదాసు కూడా ధర్మాన్ని నమ్మినవాడే, తత్త్వాలు తెలిసిన భక్తుడే. అదే ఇంట్లో ఆయన కొడుకు సంగదాసు కూలి జనం వైపు నిలబడి, భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. ఇక్కడ ధర్మం అన్న మాట ఇచ్చేవాడి నోట ఒకలాగా, అడిగేవాడి నోట ఇంకోలాగా పలుకుతుంది. ఇచ్చేవాడు దయ అనుకునేది అడిగేవాడికి బాకీ. సుబ్బన్నపేట నుంచి మాలపల్లి ఊరైన మంగళాపురం వచ్చిన విద్యార్థికి మాటలో నిలిచిందేదో మారిందేదో తెలుస్తుంది. నిలిచింది: మనుషుల్ని ఒకరికొకరిని కట్టేసే బాధ్యత ఒకటి ఉందన్న ఊహ. మారింది: ఆ కట్టు ఎవరి చేతిలో ఉందన్నది.

మూడో వాక్యం కోసం దూరం పోనక్కర్లేదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర ఉంది. ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి, అంటే హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరికి, అంకితమిచ్చిన పుస్తకం. అందులో సీతారామారావు తండ్రి నాటి దాతృత్వపు పేరును నిలబెట్టాలని ఆస్తి కరిగించుకుంటాడు, ఆ తర్వాత తనే కరిగిపోతాడు. విచిత్రమేమంటే విశ్వనాథ తండ్రి శోభనాద్రిగారు కూడా దానధర్మాలకు ఆస్తి హరింపజేసిన మనిషే. లేమిని మోసే ధర్మారావులో ఆ కొడుకు నీడ ఉంది. పెట్టుపోతలకు ఖాళీ అయిన ఇల్లు ఒకటే. ఒక రచయిత దాన్ని ధర్మం అన్నాడు, ఇంకో రచయిత ఆ ఇంట్లోనే పుట్టే ఆత్మవంచనను, అసమర్థతను చూపించాడు. ఔదార్యం, పరువు, వంశగౌరవం అన్న మాటలకు ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న దూరమే అర్థం. ఆ దూరాన్ని నడిచిన పిల్లవాడికి ఎవరూ మతం ఎక్కించలేరు. నిఘంటువు ‘ధర్మము: పుణ్యము’ అని తీర్పు చెప్పేసి ఊరుకుంటుంది, సాక్ష్యం చూపదు, ఎదురు ప్రశ్నకు తావివ్వదు. ఆ లెక్కన దొడ్డిదారి మతబోధ గైడులోనే ఎక్కువ. నవల మాటను దాని తగాదాతో సహా ఇస్తుంది. వేయిపడగలుతో పోట్లాడాలనుకునే విద్యార్థికి పోట్లాటకు కావలసిన సరంజామా కూడా వేయిపడగలే ఇస్తుంది. ఈ షరతు పాటించకుండా ఒక్క పుస్తకాన్నే పట్టుకుని కూర్చునే ఉపాధ్యాయుడి విషయంలో అభ్యంతరం నిలుస్తుంది, నేను కాదనను. ఆ ఒక్క పుస్తకం మాలపల్లి అయినా అంతే.

ఎదురువైపు నుంచి ఇంకో మాట వస్తుంది, మరీ నిష్ఠగలవారి నోట. ధర్మం తెలియడానికి వేదవిధి ఒక్కటే ప్రమాణమని మీమాంస మొదటే తేల్చింది, నవలలు చదివి ధర్మాన్ని నేర్చుకోవడమేమిటని. ధర్మాన్ని నేర్చుకోవడం వేరు, ధర్మం అన్న మాటను నేర్చుకోవడం వేరు. రెండోదాని విషయంలో మీమాంసకులు చాలా ఉదారులు. వేదంలో మాటలూ లోకంలో మాటలూ ఒకటేనని, వాటి అర్థాలూ ఒకటేనని వారు ఒక అధికరణంలో, అంటే ఒక అంశాన్ని చర్చించి తేల్చే ప్రకరణంలో, నిర్ణయించారు. లేకపోతే వేదం ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇంకొకచోట మరీ ముందుకు వెళ్లారు. పిక, నేమ వంటి కొన్ని మాటలు వేదంలో ఉన్నా ఆర్యుల వాడుకలో లేవు, మ్లేచ్ఛుల వాడుకలో మాత్రం ఉన్నాయి. అర్థం ఎలా తేల్చాలి? పండితుడు ధాతువులు విరిచి కల్పించిన అర్థం తీసుకోవాలా, మ్లేచ్ఛుడు వాడే అర్థం తీసుకోవాలా? వాడేవాడి అర్థమే తీసుకోవాలన్నది వారి సిద్ధాంతం. ఆ సందర్భంలోనే కుమారిలుడు, ద్రావిడ మాటలకు సంస్కృతపు ముసుగు వేసేవారిని ఎగతాళి చేస్తాడు. పాముకు ఇక్కడివాళ్లు వాడే మాటను పట్టుకుని, అది పాపిష్ఠిది కనుక పాప అన్న మాటే అలా అయిందని అనేవాళ్లున్నారట. పామర్రు పేరు వినగానే అందులో పామరుణ్ణి వెదికే చమత్కారులు ఇప్పటికీ ఉన్నారు, వారికి ఏడో శతాబ్దంలోనే జవాబు వచ్చేసింది. మర్రు అన్నది విడి మాటగా ఎవరి నోటా లేదు. పామర్రు, ఎలమర్రు, పెనుమర్రు అని ఊళ్లను పట్టుకునే బతుకుతోంది. వ్యవహారం పోయాక మాట పేరుగా మిగులుతుంది, రూఢిగా మిగులుతుంది. ధర్మానికి ఇంకా ఆ గతి పట్టలేదు.

కళాఖండాన్ని పదజాలానికి పనిముట్టుగా వాడటం అపచారమనే రసికుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మాటలను వదిలేసి రసాన్ని మాత్రం పట్టుకునే వీలు వారికెక్కడ దొరికిందో వారే చెప్పాలి. పుస్తకాన్ని మాటల గనిగా తవ్వి జాబితా తీసి పుస్తకాన్ని అవతల పారేస్తే అపచారమే, అప్పుడది మళ్లీ గైడే అయింది.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. మీమాంసకుల పిల్లవాడి ముందుకు ఆవు నిజంగా వచ్చింది. నవలలో ఆవు రాదు. ధర్మం, పరువు వంటి మాటల విషయంలో ఇది పెద్ద లోటు కాదు, అవి ఎలాగూ కంటికి కనబడేవి కావు, వాటి ఫలితాలే కనబడతాయి, ఆ ఫలితాలను నవల చూపిస్తుంది. కానీ మాలపల్లిలోనో వేయిపడగలులోనో పైరు పనుల మాట వచ్చినప్పుడు ఎన్ని వాక్యాలు చదివినా పురి ఎలా ఉంటుందో, అందులో ధాన్యం ఎలా నిలుస్తుందో తరగతి గదిలో తేలదు. ఉపాధ్యాయుడికీ తెలియకపోవచ్చు, ఆయనదీ పట్నం చదువే. అక్కడ పట్నం బడికి లేని వసతి ఒకటి పామర్రు బడికి ఉంది. ఆ మాటను కాగితం మీద రాసుకుని సాయంత్రం ఇంటికి వెళ్లి అడగవచ్చు. చెప్పగలిగేది ఒకప్పుడు కుప్పనూర్పుల్లో కూలికి వెళ్లిన నాయనమ్మ అయి ఉంటుంది. ఆమె ఆ నవల చదివి ఉండదు, ఆమెకు చదవడం రాకపోనూవచ్చు. మర్నాడు తరగతిలో ఆమె చెప్పిన అర్థానికీ శబ్దరత్నాకరంలో ఉన్నదానికీ పొంతన కుదరకపోతే ఎవరి మాట నిలవాలన్న తగువు వస్తుంది. పిక, నేమ అధికరణం ప్రకారం ఆ తగువులో నాయనమ్మదే గెలుపు.